ఆయిల్ లైటు వెలిగినన్నాళ్లూ

ఆ ఎర్ర లైటు మొదటిసారి వెలిగినప్పుడు నేను ఒక రొయ్యల చెరువు గట్టు మీద ఉన్నాను. మీటరు గాజు వెనక ఆయిల్ డబ్బా బొమ్మ గీసిన చోట, కందిగింజంత ఎరుపు. రోజూ తాళం తిప్పగానే వెలుగుతుంది, ఇంజిను అందుకోగానే ఆరిపోతుంది. ఆ రోజు ఆరలేదు. వెంటనే ఇంజిను ఆపేసి, గట్టు మీదే గొంతుకూర్చుని బండి వంక చూస్తూ ఉండిపోయాను.

భీమవరంలోని ఒక ల్యాబుకు చెరువుల నుంచి నీళ్ల సీసాలు తెచ్చివ్వడం నా పని. తెల్లారుతుండగా బయలుదేరి, గట్లన్నీ తిరిగి, సీసాలు ఐసు పెట్టెలో సర్దుకుని, ఎండ ముదరకముందే ల్యాబులో దించాలి. బండి మనదే ఉండాలి. పనిలో పెట్టుకున్న రోజే యజమాని ఆ సంగతి మర్యాదగా చెప్పారు: "బండి ఉన్నన్నాళ్లూ ఈ పని మీదేనండి. లేని రోజున మన మేత గోడౌను ఎలాగూ ఉంది." ఆ గోడౌనులో బస్తాలు దించీ దించీ నా నడుము అక్కడే పోయింది. వంగి బూటు లేసు కట్టుకోవాలన్నా గోడ పట్టుకోవాలి. మళ్లీ బస్తా భుజానికెత్తుకోవడమంటే నా వల్ల అయ్యే పని కాదు. అంచేత ఆ ఇంజిను ఉంటే నా బతుకు ఉన్నట్టు, పోతే పోయినట్టు.

బండి కూడా నడుము కోసమే కొన్నాను. రెండు సిలిండర్ల బరువైన బండి, సెకండ్ హ్యాండుది. గట్ల మీద గతుకుల్లో తేలిక బండి ఎగిరెగిరి పడుతుంది; ఇది పడవలా ఊగుతూ పోతుంది. మా వైపు ఇలాంటివి తక్కువ. చాలా బళ్లకు అసలు ఈ లైటే ఉండదు. ఉన్నందుకు నేను సంతోషించాను కూడా. చెప్పే నోరు ఉన్న యంత్రం నయం కదా అనుకున్నాను.

ఆ చెరువు ఒక పెద్దాయనది. కౌలు చెరువు. పగలు ఆయన, రాత్రి ఆయన కొడుకు కాపలా. నేను ఆయన్ని బాబాయి గారూ అంటాను. ఆయన నన్ను మేష్టారూ అంటారు. నేను బడిలో చెప్పింది లేదు, పదో తరగతితో చదువు ఆపేసినవాణ్ణి. ఒకసారి నా సంచిలో గ్రంథాలయం పుస్తకం చూశారు, అప్పటి నుంచీ మేష్టార్నే.

"ఏంటి మేష్టారూ, బండికి మొక్కుతున్నారా?" అంటూ షెడ్డులోంచి వచ్చారు.

"ఆయిల్ లైటు ఆరట్లేదు బాబాయి గారూ."

"ఆయిల్ అయిపోయుంటదండి."

"చూశానండి. సగం పైనే ఉంది."

ఇంజిను పక్కన రూపాయి బిళ్లంత గాజు కిటికీ ఉంటుంది. దాని మీద రెండు గీతలు. ఆయిల్ ఆ రెండింటి మధ్య కనబడాలి. కనబడుతోంది. పెద్దాయన కూడా వంగి చూసి, "సగం ఉంటే సరిపోద్దేటండీ" అని నవ్వారు. నీళ్లు ఇంకా తీయాల్సి ఉంది. సీసాలు తీసుకుని చెక్కల వంతెన మీదుగా చెరువు మధ్యకు వెళ్లాను. తిరిగొచ్చి స్టార్ట్ చేస్తే లైటు దానంతటదే ఆరిపోయింది. "ఆరిపోయిందా?" అన్నారాయన. "ఆరిందండి" అన్నాను. ఆయన ముఖం వెలిగింది. నా కష్టం తీరినందుకు ఆయన సంతోషించారనుకున్నాను.

ఇక్కడ నా చదువు సంగతి కొంచెం చెప్పాలి. మా ఊరి శాఖా గ్రంథాలయం పంచాయతీ ఆఫీసు మేడ మీద ఒక గది. ఫ్యాను కింద కుర్చీ దొరికితే పేపరు, దొరక్కపోతే బీరువాల దగ్గర నిలబడి ఏదో ఒక పుస్తకం. గోడౌనులో పని చేసినన్నాళ్లూ సాయంత్రాలు నేను అక్కడే గడిపాను. నక్షత్రాల గురించి చదివాను, తేనెటీగల గురించి చదివాను, శాసనాల గురించి అర్థమైనంత మేరకు చదివాను. అడుగు బీరువాలో పంపుసెట్లు, ట్రాక్టర్ల గురించి రైతుల కోసం రాసిన పాత పుస్తకాలు ఉండేవి, ఎవరూ ముట్టుకునేవారు కాదు. వాటిని రెండేసి సార్లు చదివాను. కాలేజీకి వెళ్లినవాళ్ల దగ్గర నేను తక్కువగా మాట్లాడతాను గాని, నాకు తెలిసింది నిలబడి సంపాదించుకున్నదని లోపల ఒక గర్వం ఉంది. ఉందనే చెబుతాను.

ఇంజినులో ఆయిల్ ఉండటం వేరు, అది అందాల్సిన చోటికి అందటం వేరు అని ఆ పుస్తకాల్లోనే తెలుసుకున్నాను. అడుగున ఉన్న ఆయిల్‌ను ఒక చిన్న పంపు పీల్చి, సన్నటి దారుల్లో ఇనుముకూ ఇనుముకూ మధ్యకు తోస్తుంది. ఆ తోపునే ప్రెషరు అంటారు; అది తగ్గితే ఇంజినుకు బిగించిన ఒక స్విచ్చి లైటును వెలిగిస్తుంది. అయితే లైటు కూడా ఒక తీగ మీద బతికేదే. అది నిజం చెబుతోందో అబద్ధం చెబుతోందో ముందు తేల్చుకోవాలి.

ఆ మధ్యాహ్నం ఇంటి ముందు బండి నిలబెట్టి తాళం తిప్పాను. ఇంజిను ఆగి ఉంది కనుక లైటు వెలిగింది. అది సహజం. ఇంజినుకు బిగించిన స్విచ్చి నుంచి తీగ పీకాను. పీకితే ఆరిపోవాలి. ఆరలేదు. స్విచ్చితో సంబంధమే లేకుండా వెలుగుతోందంటే తీగ ఇంకెక్కడో ఇనుముకు తగులుతోందన్నమాట. వేలితో తడుముకుంటూ పోతే దొరికింది. పైతొడుగు పెళుసెక్కి పగిలి, లోపలి రాగి పోగులు బయటికి వచ్చి ఇంజినుకు ఆనుకున్నాయి. చుట్టూ తెల్లగా ఉప్పు. గట్ల మీద తిరిగే మేమంతా బురద పట్టిన బళ్లను చెరువు మోటారు పైపుతోనే కడిగేస్తాం. ఉప్పునీళ్లని తెలుసు. తెలిసీ కడుగుతాం, నీళ్లు అక్కడ ఉన్నాయి కనుక.

టేపు చుట్టాను. తీగ మళ్లీ తగిలించి చూస్తే అంతా సక్రమం. గాజు కిటికీలో ఆయిల్ ఉదయం కంటే కాస్త పైకి, పై గీత దగ్గరగా కనబడింది. గట్టు మీద బండి వాలుగా ఉండి తక్కువ కనబడి ఉంటుందిలే అనుకున్నాను.

మా ఆవిడ గుమ్మంలో నిలబడి చూస్తోంది. "అయిందా రిపేరు?"

"అయింది. మెకానిక్కుతో పని లేకుండా."

"అబ్బో. అయితే ఆ చేత్తోనే మిక్సీ కూడా చూడండి. అది రెండు నెలల నుంచీ ఏ పుస్తకంలోనూ లేనట్టుంది."

కొన్నాళ్లు బాగానే గడిచింది. రోజు విడిచి రోజు పెద్దాయన చెరువుకు వెళ్లడం, నీళ్లు తీసుకోవడం, రావడం. తర్వాత ఒక రోజు ల్యాబుకు వస్తుంటే కాలవ పక్కన తిన్నగా ఉండే రోడ్డు మీద లైటు ఒక్కసారి మినుకుమంది. వేగం తగ్గిస్తే ఆరిపోయింది. మర్నాడు అదే రోడ్డు మీద మళ్లీ మినుకుమంది. మూడో రోజుకు వెలిగి అలాగే ఉండిపోయింది. చెట్టు కింద ఆపి తీగ చూశాను. నా టేపు చెక్కుచెదరలేదు. స్విచ్చి పోయిందేమోనని కొత్తది తెప్పించి వేశాను. అయినా వెలిగింది. అంటే ఈసారి లైటు నిజమే చెబుతోంది.

గాజు కిటికీ చూశాను. ఆయిల్ నిండుగా ఉంది. గాజంతా నల్లగా, ఒక చివర నుంచి ఇంకో చివరకు నిండుగా. హమ్మయ్య, ఆయిల్ తక్కువ కాలేదు అనుకున్నాను. ఆ గాజు వంక ఎన్నిసార్లు చూశానో, చూసిన ప్రతిసారీ అదే అనుకున్నాను. మా వైపు గిన్నె నిండుగా ఉంటే తప్పు పట్టేవాడు లేడు. గాదె నిండుగా ఉండాలి, కాలవ నిండుగా పారాలి, విస్తరి నిండుగా ఉండాలి. నిండుగా ఉన్నదాన్ని అనుమానించాలని నాకు తోచలేదు.

చివరికి సెంటరులో మెకానిక్కు దగ్గరికి వెళ్లాను. ఇంజిను మీద స్క్రూడ్రైవరు ఆనించి, దాని పిడికి చెవి పెట్టి విన్నాడు.

"ఏంటి గురువుగారూ, పుస్తకంలో ఏ పేజీలో ఉందంట?" అన్నాడు.

"నువ్వు చెప్పు."

"ఏముందండీ, బేరింగులు అరిగిపోయాయి. సెకండ్ హ్యాండు బండి కదా. ఆయిల్ ఫుల్లుగా ఉంది, స్విచ్చి కొత్తది. ఇంక మిగిలింది అదే. ఇంజిను దింపాలి."

"ఎన్నాళ్లు పడుతుంది?"

"సామాను ఇక్కడ దొరకదు. తెప్పించాలి. నెలన్నా పడుద్దండి."

"ప్రెషరు చూసే మీటరు ఏమైనా ఉందా? స్విచ్చి స్థానంలో బిగించి చూస్తే..."

"ఆ మీటరు కొనడం కంటే ఇంజిను విప్పడమే నయమండీ" అని నవ్వాడు. నవ్వినా అతను చెప్పింది నమ్మేలాగే ఉంది. అలాంటి బండి అంత తిరిగితే బేరింగులు అరగడం వింత కాదు.

నెల రోజులు బండి లేకపోతే నా చెరువులు ఇంకొకరికి పోతాయి. ఆలోచించుకుని చెబుతానన్నాను. "లైటు వెలుగుతుంటే మాత్రం తోలకండి" అని వెనక నుంచి అరిచాడు. నేను తోలుకుంటూనే ఇంటికి వెళ్లాను.

ఆ రోజులు ఎలా గడిపానో ఇప్పుడు తలుచుకుంటే ఒళ్లు నొప్పులు గుర్తొస్తాయి. లైటు వెలగగానే బండి ఆపడం, ఇంజిను చల్లారేదాకా రోడ్డు పక్కన కూర్చోవడం, మళ్లీ కదలడం. ఐసు కరిగిపోయేది. ల్యాబులో ఆలస్యమెందుకని అడిగేవారు. గేటు పడిందనో, ఎవరో దారిలో ఆపారనో చెప్పేవాణ్ణి. బండి కూడా బరువుగా లాగేది, బురదలో నడిచే మనిషిలా. పక్క నుంచి మోపెడ్ల మీద కూరగాయల బుట్టలు నన్ను దాటిపోయేవి. ఇంట్లో అన్నం తింటూ కూడా నా చూపు కంచంలో ఒక చోట ఆగిపోయేది.

"ఆ గోడౌనుకు మాత్రం వెళ్లకండి. ఇంకేదైనా చూసుకుందాం" అంది మా ఆవిడ ఒక రోజు. ఆమె వేళాకోళం మానేసి మాట్లాడిందంటే నాకు ఇంకా భయం వేసింది.

పుస్తకం మళ్లీ చూద్దామని గ్రంథాలయానికి వెళ్తే తాళం. శుక్రవారం సెలవని మరిచిపోయాను. మర్నాడు మళ్లీ మెట్లెక్కాను. ట్రాక్టరు పుస్తకంలో ఆ పేజీ తీసి నిలబడే చదివాను. ప్రెషరు తగ్గడానికి కారణాలు: ఆయిల్ తగ్గడం, పలచబడటం, జల్లెడ పూడుకుపోవడం, పంపు అరగడం, బేరింగులు అరగడం. చివర్న ఇంకొకటి, ఆయిల్‌లో గాలి చేరడం. పలచబడి గాని బేరింగులు అరిగి గాని ఉంటే ఇంజిను వేడెక్కాక నెమ్మదిగా తిరుగుతున్నప్పుడు లైటు వెలుగుతుందని రాసి ఉంది. అక్కడ ఆగాను. నా బండికి అలా కాదు. నిలబెట్టినప్పుడు ఆరిపోతుంది, తిన్నని రోడ్డు మీద వేగం అందుకున్నప్పుడే వెలుగుతుంది. మెకానిక్కు చెప్పింది దీనికి సరిపోవడం లేదు. గాలి సంగతి మిగిలింది. కాని మూత బిగించి ఉన్న ఇంజినులో ఆయిల్‌లోకి గాలి ఎలా చేరుతుంది? పుస్తకం అది చెప్పలేదు. కిందికి దిగి వచ్చేశాను.

తర్వాతి ఉదయం పెద్దాయన చెరువు దగ్గర చెక్కల వంతెన మీద సీసా ముంచుతున్నాను. పక్కనే ఏరేటరు తిరుగుతోంది. నీళ్లలో గాలి కలవడానికి చెరువుల్లో పెట్టే చక్రాలవి. రెక్కలు నీళ్లను కొడుతుంటే తెల్లటి నురగ గట్టుదాకా పాకుతోంది. రోజూ చూసేదే. ఆ రోజు సీసా నిండిపోయి, చేతి మీదుగా నీళ్లు కారుతున్నా చూస్తూనే ఉన్నాను. ఇంజిను అడుగున తిరిగే బరువైన ఇరుసు ఉంది. ఆయిల్ దానికి కింద ఉండాలి. దానికి తగిలేంత ఎత్తుకు లేస్తే? వేగంగా తిరిగేకొద్దీ ఇరుసు ఈ రెక్కల్లాగే ఆయిల్‌ను కొట్టి నురగ చేస్తుంది. పంపు నురగను పీలుస్తుంది. నురగ తోస్తే ప్రెషరు ఎక్కడిది?

గాజంతా నిండుగా ఎందుకుందో అప్పుడు అర్థమైంది. ఆయిల్ పై గీతను ఎప్పుడో దాటిపోయింది.

గట్టు మీదకు వచ్చేశాను. బండిలో పానాలు ఉన్నాయి. ఖాళీ నీళ్ల క్యాను అడుగు పళ్లెంలా కోసి ఇంజిను కింద పెట్టి అడుగు బోల్టు విప్పాను. నడుము పట్టేసి ఒక పక్కకు ఒరిగి పడుకోవాల్సి వచ్చింది. ఆయిల్ వచ్చింది, ఇంకా వచ్చింది, ఆగకుండా వచ్చింది. క్యాను నిండబోతుంటే బోల్టు రంధ్రం వేలితో మూసి, గట్టిగా అరిచాను. పెద్దాయన పరుగున వచ్చి ఇంకో క్యాను పెట్టారు. దాని వాసన నాకు తెలుసు. కుళ్లిన గుడ్డు వాసన. ఏరేటరు గేరుబాక్సులో పోసే చిక్కటి ఆయిల్‌కు ఉండే వాసన.

"బాబాయి గారూ, దీంట్లో ఎవరైనా ఆయిల్ పోశారా?"

"ఆయ్, నేనేనండి" అన్నారు, మంచినీళ్లు ఇచ్చానన్నంత మామూలుగా. "మీరు వంతెన మీదకెళ్లినప్పుడల్లా కాస్త పోత్తన్నాను. మొదటి రోజు పోశాక లైటు ఆరిపోయింది కదండీ."

"అది ఆరింది వేరే కారణానికండి. తీగ."

"అదేంటండీ! నేను పోత్తేనే ఆరిందనుకున్నానే. మొన్న మళ్లీ వెలుగుతుందన్నారని ఇంకో గ్లాసు ఎక్కువేశాను."

"నాకు చెప్పలేదేంటండీ?"

ఆయన నిజంగా ఆశ్చర్యపోయారు. "చెబితే మీరు పొయ్యనిత్తారేంటి? వద్దండీ వద్దండీ అంటారు. అడిగి పెడితే తినేవాడెవడండీ మన వైపు?"

మేమంతా అలాగే పెరిగాం. అడిగితే అవతలివాడు మొహమాటంతో వద్దంటాడు కనుక అడగకూడదు, వడ్డించేయాలి. వడ్డించాక చెప్పుకోకూడదు. ఆయన నాకు వడ్డించారు. నేను వంతెన మీదకు వెళ్లిన ప్రతిసారీ, తన గేరుబాక్సుకు దాచుకున్న ఆయిల్‌లోంచి.

"ఇప్పుడు ఇంజిను పోయిందాండీ?" అని అడిగారు. చేతులు పంచెకు తుడుచుకుంటున్నారు.

పర్లేదండీ, ఏం కాలేదండీ అనేద్దామనే అనిపించింది. మాట నోటిదాకా వచ్చింది కూడా. కాని అలా అంటే ఎల్లుండి మళ్లీ పోస్తారు.

"తెలీదండి. ఈ ఆయిల్ దీనికి పొయ్యకూడదు. ఎక్కువ పొయ్యకూడదు. లైటు వెలిగింది దీనివల్లే. ఇంజిను పోతే నా పని పోద్దండి" అన్నాను.

ఆయన వెళ్లి మోపెడ్ తీశారు. "ఏ ఆయిల్ తేవాలో చెప్పండి. సెంటరుకెళ్లి తెత్తాను."

వద్దండీ, నేనే చూసుకుంటాను అనలేదు. డబ్బా మీద ఏ అంకెలు ఉండాలో చెప్పాను. ఆయన షెడ్డులో పడుకున్న కొడుకును లేపి, ఫోనులో టైపు చేయించుకుని వెళ్లారు. తిరిగొచ్చి, ముందు డబ్బా నా కళ్ల ముందు పెట్టి అంకెలు చదవమన్నారు.

పాత ఆయిల్ పూర్తిగా దిగేదాకా ఆగాం. బోల్టు బిగించి బండి నిటారుగా నిలబెట్టాం. ఆయన పోస్తున్నారు, నేను నేల మీద కూర్చుని గాజు వంక చూస్తున్నాను. కింది గీత దాటింది. మధ్యకు వచ్చింది.

"చాలండి."

"ఇంకొక్క చుక్కండి, గాజు సగం ఖాళీగా ఉంది."

"చాలన్నానా!"

అరిచాను. పెద్దవారి మీద అలా నోరు చేసుకోవడం నాకు అలవాటు లేదు. ఆయన డబ్బా వెనక్కి తీసుకుని మూత పెట్టారు.

స్టార్ట్ చేశాను. లైటు వెలిగి, ఒక క్షణం నిలిచి, ఆరిపోయింది. ఆ రోజు కాలవ రోడ్డు మీద ఎక్కడా ఆగకుండా వెళ్లాను. లైటు వెలగలేదు. అయితే ఎడమ సిలిండరు వైపు నుంచి సన్నగా ఒక చప్పుడు వినబడింది, గోటితో రేకు మీద కొట్టినట్టు. ఇంతకుముందు లేనిది. సాయంత్రం మెకానిక్కు విని, "నురగతో తోలారు కదండీ, ఎక్కడో కాస్త గీసుకునుంటది. ఏడాది రావచ్చు, నెల రావచ్చు. విప్పకుండా నేనేం చెప్పలేను" అన్నాడు. ఏ పేజీలో ఉందని ఈసారి అడగలేదు.

విప్పించలేదు. విప్పితే నెల. చప్పుడుతోనే తోలుతున్నాను. పెరుగుతోందా లేదా అని రోజూ వింటాను. కొన్ని రోజులు పెరిగినట్టే ఉంటుంది, మర్నాడు లేదనిపిస్తుంది. వినీ వినీ నా చెవి మీద నాకు నమ్మకం పోయింది.

పెద్దాయన చెరువుకు ఇప్పటికీ వెళ్తాను. ఆయన నన్ను మేష్టారూ అనడం మానేశారు, ఏవండీ అంటున్నారు. నేను బండి స్టాండు వేస్తే దాని వైపు రారు. వంతెన దిగి రాగానే ముందుగా అడుగుతారు, "మజ్జిగ పుచ్చుకుంటారాండీ?"

నోరు ఎండిపోయి ఉంటుంది. అయినా అడిగేసరికి, "వద్దండీ, ఇప్పుడే తాగి వచ్చాను" అనేస్తాను. సరేనండీ అంటారాయన. సీసాలు పెట్టెలో సర్దుకుని తాళం తిప్పుతాను. షెడ్డు గుమ్మం దగ్గరే ఆగి, ఆయన మీటరు వైపు మెడ చాచి చూస్తారు. లైటు ఆరిందని నేను చెయ్యి ఊపితే, అప్పుడు లోపలికి వెళ్తారు.